కంటి చుక్కలకు పరీక్ష

అశ్వారావుపేట వేసవి గాలిలో కాసేపు రెప్ప వాల్చకుండా ఉంటే కళ్ళు మండుతాయి. రెప్ప వాల్చగానే కన్నీటి పొర పరుచుకొని హాయి కలుగుతుంది.

రక్త కాన్సరు రోగికి మరొకరి ఎముక మూలుగను ఎక్కిస్తే ప్రాణం నిలవవచ్చు. కాని ఒక్కొక్కప్పుడు ఆ మూలుగ నుండి పుట్టిన తెల్ల రక్తకణాలు రోగి కన్నీటి గ్రంథులను పరాయివిగా ఎంచి దెబ్బతీస్తాయి. కన్ను ఎండి, నల్లగుడ్డు పుండై, చూపే పోవచ్చు.

దీనికి కొత్త చుక్కల మందు పనిచేస్తుందని ఎలా తేల్చాలి? ఏ చుక్క వేసినా కన్ను తడుస్తుంది కదా! అందుచేత చీటీలు తీసినట్లు కొందరికి మందు, కొందరికి మందు కలపని చుక్కలు ఇస్తారు. ఎవరిది ఏదో రోగికీ, వైద్యునికీ తెలియనివ్వరు.

కన్నీటిని కొలవడానికి 1903లో జర్మను వైద్యుడు షిర్మర్ చూపిన పద్ధతి ఉంది. వైద్యులు వడపోత కాగితపు ముక్క కొసను కింది రెప్పలో ఉంచుతారు. 5 నిమిషాల్లో 10 మిల్లీమీటర్లకు పైగా తడిస్తే కన్నీరు చాలినంత ఉన్నట్లే. రెండు జట్లనూ ఇలా పోల్చాలి. "హాయిగా ఉంది" అన్న మాట ఒక్కటే చాలదు.