శయనభంగిమయు స్వప్నస్మృతియు

గత భాద్రపదమాసమున మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు పది దినములు పాఠశాలకు రాలేదు. ఆ కాలమున మన తాలూకాలో వేరుసెనగ చేలకు అడవిపందుల బెడద యుండును గదా. వాడు తండ్రితో కాపలాకు పోవుచున్నాడని తలచితిమి. పదునొకండవ నాడు తల్లి వచ్చినది.

"వానికి గాలి సోకింది సార్. తెల్లారుజామున గుండెల మీద ఎవరో కూచున్నట్లుంటాదంట. కండ్లు తెరిసే ఉంటాడంట, నోరు పెగలదంట, చెయ్యి కదలదంట" అని కంటతడి పెట్టెను. అప్పటికే రెండు తాయెత్తులు కట్టించిరి. బడి మాన్పింతుమా యని యడుగుటకు వచ్చినది.

మేము బాలుని పిలిపించి, ఎట్లు పడుకొందువని మొదట అడిగితిమి. మంచెమీద చోటు చాలదు గనుక వెల్లకిల పడుకొందునని చెప్పెను. ఆ ప్రశ్న ఎందులకో తల్లిదండ్రులందరును తెలిసికొనుట మేలని యిచట వ్రాయుచున్నాము.

నిద్ర రాత్రియంతయు ఒకే తీరున నుండదు. 1953లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు, నిద్రించువారి కనుగ్రుడ్లు ఒక్కొక్కప్పుడు రెప్పలక్రింద వడివడిగా కదలునని ప్రకటించిరి. ఈ దశ సుమారు గంటన్నర కొకమారు వచ్చును, తెల్లవారుకొలది దీర్ఘమగును. 1957లో డిమెంట్, క్లైట్‌మన్ కలిసి చేసిన పరీక్షలలో, ఈ దశయందు లేపినప్పుడు నూటికి 80 మారులు కల జ్ఞాపకముండగా, తక్కిన నిద్రలో లేపినప్పుడు 7 మారులే యుండెను.

ఈ దశయందు మెదడే అవయవములను కదలనీయక పట్టి యుంచును. లేనిచో కలలో పరుగెత్తువాడు మంచము దిగి పరుగెత్తును! ఆ పట్టు వీడక మునుపే మెలకువ వచ్చెనా, కన్ను తెరచియుండియు కాలు కదలదు. కలలోని ఆకారములు ఎదుట నిలుచును. ఇదియే మన పల్లెలలో గుండెలమీది దయ్యము. వెల్లకిల పడుకొన్నప్పుడు ఇది హెచ్చుగా కలుగునని కెనడాకు చెందిన చెయిన్ అను ఆచార్యుడు 2002లో ప్రకటించెను. నిద్ర చాలమియు, వేళ తప్పుటయు మరి రెండు హేతువులు. కాపలాకు పోవు బాలునికి మూడును కుదిరినవి.

ఇక ప్రక్కల మాట. తుర్కీదేశమున 63 మందిని పరిశీలింపగా, ఎడమప్రక్క పడుకొనువారిలో నూటికి 41 మందికిని, కుడిప్రక్కవారిలో 15 మందికిని పీడకలలు కలవని 2004లో తేలినది. 63 మందియన మా పాఠశాలలో రెండు తరగతుల పిల్లలు. అంతటితో ఎడమప్రక్కను నిందింపరాదని మా యభిప్రాయము. 2012లో హాంకాంగులో 670 మంది విద్యార్థులను విచారింపగా, బోరగిల పడుకొనువారి కలలకు వేరొక తీరున్నట్లు కనబడినది. ఊపిరాడనట్లును, కట్టివేయబడినట్లును వారికి తోచునట. టిబెట్టు బౌద్ధులు స్వప్నసాధనకు కుడిప్రక్క శయనింపవలయునందురు. బుద్ధుని సింహశయ్యయు నదియే. భోజనానంతరము మన పెద్దలు చెప్పు వామకుక్షి జీర్ణమునకే గాని కలలకు గాదు.

కలలో నుండగనే "ఇది కల" యని యెరుగుటయు గలదు. 1975లో ఇంగ్లండునందలి హల్ విశ్వవిద్యాలయమున నిద్రించుచున్న యొకడు, ముందుగా అనుకొనిన ప్రకారము కనుగ్రుడ్లను అటునిటు త్రిప్పి, హెర్న్ అను పరిశోధకునికి కలలోనుండియే సంజ్ఞ చేసెను. ఫలాని ప్రక్క పడుకొన్నచో ఈ యెరుక తప్పక కలుగునను మాటలను మాత్రము మేము నమ్మము.

కల జ్ఞాపకముండుటకు ఏ ప్రక్క పడుకొంటిమనుటకంటె ఎట్లు లేచితిమనునదే ముఖ్యము. దుప్పటి లాగి, కేకవేసి లేపినచో కల చెదరిపోవును. మెలకువ వచ్చిన భంగిమలోనే రెండు నిమిషములు కదలక యుండనిచ్చి, పిమ్మట "ఏమి కంటివిరా?" యని యడిగి చూడుడు. ఇట్లు చేసి వచ్చిన పిల్లలచేత శనివారము నాడు కలలను వ్రాయించుచున్నాము. వీధిలో కన్నడము, ఇంట తెలుగు మాటలాడు మన పిల్లలు, వ్యాసము వ్రాయుమన్న నాలుగు పంక్తులకు అలయువారు, కలను రెండు పుటలు తెలుగున వ్రాసిరి. తిరుమణి సౌరఫలకములన్నియు చెరువులై నిండినవట యొక బాలికకు; నీరెరుగని సీమలో పుట్టిన పిల్లకు మరేమి కల వచ్చును!

ఆ బాలునికి ప్రక్కకు తిరిగి పడుకొమ్మనియు, మరల వచ్చినచో బెదరక కాలి బొటనవ్రేలు కదలింప యత్నింపుమనియు చెప్పితిమి. రాత్రి కాపలా మాన్పింపుడని తండ్రిని వేడుకొంటిమి. తరచుగా వచ్చినను, పగలు ఆపుకొనలేని నిద్ర పట్టినను బెంగళూరు నిమ్హాన్సుకు తీసికొని పోవలయుననియు తెలిపితిమి.

మరల ఒకమారు వచ్చినదట. "సార్ చెప్పింది ఇదే గదా అనుకుంటి సార్, పోయింది" అని వాడే వచ్చి చెప్పెను. ప్రక్కకు తిరుగుటచేత తగ్గినదో, భయము తీరుటచేత తగ్గినదో చెప్పజాలము. నాటినుండి ఒక దినమైనను బడి మానలేదు. తాయెత్తులు ఇంకను వాని చేతికే యున్నవి. తీయుమని మేము చెప్పలేదు.