ప్రశ్నలు - జవాబులు: మబ్బు వాళ్ల తప్పు కాదు, జనరేటరు షెడ్డు వాళ్లదే

ప్రశ్న: ఆగస్టులో మా పెళ్లిరోజుకి మున్నార్ వెళ్లాం. రాత్రికి 14 వేలు చొప్పున రెండు రాత్రులకు గది తీసుకున్నాం. ఫోటోల్లో బాల్కనీ ముందే తేయాకు లోయ. తీరా వెళ్తే మొదటిరోజంతా మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. మర్నాడు మబ్బు విడిపోయాక చూస్తే ఎదురుగా జనరేటరు షెడ్డు, దాని రేకుల మీద ఆరేసిన హోటలు దుప్పట్లు! అడిగితే, "పక్కకి వంగి చూస్తే లోయ కనపడుతుంది మేడమ్" అన్నారు. వేణ్నీళ్లు పొద్దున 6 నుంచి 9 దాకానే. టౌన్ చూస్తే 20 కిలోమీటర్లు. భోజనం బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జీ. మావారు "పోనీలే, గొడవెందుకు" అని కట్టేశారు. మా అత్తగారు మాత్రం ఆ డబ్బు సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉన్నారు. ఇప్పుడేమైనా చేయగలమా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు మబ్బు సంగతి తేల్చేద్దాం. మున్నార్ దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల కాలంలో మబ్బు వచ్చి బాల్కనీలోనే కూర్చుంటుంది. ఆ రోజుల్లో గది అద్దె తగ్గించి ఇచ్చేదీ అందుకే. ఫిర్యాదులో మబ్బు గురించి రాస్తే మిగతావాటి బలం కూడా పోతుంది. ఆ ముక్క తీసేయండి.

షెడ్డు సంగతి అలా కాదు. బుకింగ్ కాగితంలో గది రకం ఏమని ఉందో చూడండి. 'వ్యాలీ వ్యూ' అని ఉంటే మీరు డబ్బు కట్టింది ఆ లోయకే. అది చూపించకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అవుతుంది. ఉత్త 'డీలక్స్' అని ఉండి ఫోటోల్లో మాత్రం లోయ పెట్టి ఉంటే తప్పుదారి పట్టించే ప్రకటన అని వాదించవచ్చు కానీ, కాస్త కష్టం. దుప్పట్లతో సహా షెడ్డు ఫోటో తీశారా? తీసి ఉంటే మీ కేసులో సగం బరువు అదే మోస్తుంది. ఆ వంగి చూడమన్న మాట వాట్సాప్‌లో అని ఉంటే ఇంకా మంచిది. కౌంటరు దగ్గర మొహమాటం, కారెక్కాక కోపం మనవాళ్లకి అలవాటే. షెడ్డు కనపడగానే గది మార్చమని నాలుగు ముక్కలు మెసేజ్ పెట్టి ఉంటే ఇప్పుడింత వెతుకులాట ఉండేది కాదు.

దూరం విషయంలో మాత్రం నేను మీ పక్షాన నిలబడలేను. మున్నార్ పేరు మీద అమ్మే హోటళ్లలో చాలావరకు చిన్నకనాల్, ఆనచ్చాల్, పల్లివాసల్ వైపు ఉంటాయి. టౌన్ చిన్నది, చుట్టూ తేయాకు ఎస్టేట్లే. చిరునామా బుకింగ్‌లోనే రాసి ఉంటుంది, చూసుకోవలసింది మనమే. వేణ్నీళ్ల వేళలు ముందే ఎక్కడైనా చెప్పారేమో కూడా చూడండి. చెప్పకపోతే అదీ రాయండి.

సర్వీస్ ఛార్జీ మీద మీకు గట్టి ఆధారముంది. అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.

ఇక చేయవలసింది. యాప్‌లో బుక్ చేసి ఉంటే ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో ముట్టినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అదే ఉత్తరం హోటలుకీ పంపండి. మొత్తం 28 వేలూ వెనక్కి ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు, రెండు రాత్రులూ మీరక్కడే పడుకున్నారు కదా. లోయ గదికీ మామూలు గదికీ ఉన్న తేడా సొమ్ము, సర్వీస్ ఛార్జీ అడగండి. కదలిక లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కేసు కోసం మున్నార్ ఉన్న ఇడుక్కి జిల్లా దాకా వెళ్లక్కర్లేదు, గుంటూరులోనే వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు. అత్తగారికి మాత్రం డబ్బు చేతికొచ్చాకే చెప్పండి.

ప్రశ్న: డిసెంబరులో అరకు వెళ్తున్నాం. ఖరీదైన రిసార్టు తీసుకోవడం మంచిదేనా?
- విజయవాడ నుంచి మరొకరు

జవాబు: పగలంతా బొర్రా గుహలు, కాఫీ తోటలంటూ తిరిగేవాళ్లకి అంత అద్దె దండగ. గదిలోనే కూర్చుని కొండలు చూస్తామంటే తీసుకోండి. డబ్బు కట్టేముందు మీకిచ్చే గది నెంబరు అడిగి, దాని బాల్కనీలోంచి వీడియో తీసి పంపమనండి. కరెంటు పోతే గీజరు పనిచేస్తుందా అనీ అడగండి. డిసెంబరు చలిలో లోయ కంటే అది ముఖ్యం. మబ్బులు కావాలంటే పాడేరు దగ్గర వంజంగి ఉంది. తెల్లవారకముందే కొండెక్కితే చాలు, దానికి వ్యూ గది అక్కర్లేదు.