కష్టానికి జరిమానా వద్దు

సంపాదన పెరిగితే సాయం తగ్గుతుందన్న భయం పేద కుటుంబాన్ని ఎదగనివ్వదు. అమెరికాలో ప్రభుత్వ సాయంతో అద్దె ఇళ్లలో ఉండేవారు సాధారణంగా లెక్కకొచ్చే ఆదాయంలో 30 శాతం అద్దె కడతారు. నెలకు 200 డాలర్లు ఎక్కువ సంపాదిస్తే అద్దె 60 డాలర్లు పెరుగుతుంది.

ఈ చిక్కు విప్పడానికి 1990లో అక్కడ కుటుంబ స్వయంసమృద్ధి పథకం తెచ్చారు. అందులో చేరిన కుటుంబం పేరున, పెరిగిన అద్దెకు సమానమైన సొమ్మును గృహ సంస్థ జమ చేస్తుంది. పై లెక్కన ఐదేళ్లకు 3,600 డాలర్లు. ఉద్యోగం చేస్తూ, ఒప్పుకున్న లక్ష్యాలు నెరవేర్చి, నగదు సాయం వదులుకుంటే ఆ సొమ్ము వారిదే.

దాతలారా! మనం ఆదుకున్న ఇంట్లో ఒకరు సంపాదించగానే సాయం ఆపేస్తున్నాం. ఆ మొత్తాన్ని కొన్నాళ్లు వారి పేరున పొదుపు చేద్దాం. పుచ్చుకున్న చెయ్యి రేపు ఇచ్చే చెయ్యి కావాలి.