మాంసం కల్తీ దర్యాప్తులో సంఘాల పాత్ర
పాల సంఘానికి మాంసంతో పనేమిటని కార్యదర్శులు అడుగవచ్చును. మందుల మీదున్న గేదె, చచ్చిన ఆవు ఎవరి సాల నుండి కదిలిందో ముందుగా తెలిసేది పాలు పోసే చోటనే. పలాస, టెక్కలి, ఉద్దానం గ్రామాలలో మేకమాంసం పేరిట వేరొకటి అమ్మారని అనుమానం కలిగితే, వదంతి పుట్టించక ఆహార భద్రతా అధికారికి వ్రాసి ఇవ్వాలి. 2006 చట్టం 40వ సెక్షను ప్రకారం, కొన్నవారు కూడా అమ్మకందారుకు అప్పుడే తెలిపి, రుసుము కట్టి పరీక్ష చేయించవచ్చును. తప్పు తేలితే రుసుము వాపసు వస్తుంది.

ఒక్క జాగ్రత్త. పాల నమూనాకు 25 మిల్లీలీటర్లకు రెండు చుక్కల ఫార్మలిన్ వేయడం మనం చూచినదే. చేతి అలవాటు చెడ్డది, మాంసంలో వేయరాదు. ఏ జంతువుదో తేల్చేది డీఎన్ఏ పరీక్ష, ఫార్మలిన్ ఆ డీఎన్ఏను చెరుపుతుంది. నమూనా తీసేది అధికారియే. మనం సాక్షిగా నిలబడి, శీతల కేంద్రం నుండి ఐసు అందిస్తే చాలు. హైదరాబాదు చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో ఈ పరీక్షా విధానం ఉన్నది.

చచ్చిన పశువు చెవి బిళ్ల నంబరు, తేదీ ఆనాడే రిజిస్టరులో ఎక్కించగలరు. దొమ్మ రోగమని అనుమానముంటే కళేబరాన్ని కోయనీయక పశువైద్యుని పిలిపించాలి.