యౌవనస్థుల పాఠము: తాబేళ్లను లెక్కించుటకు అంత దూరమా?

కిందటి వేసవి సెలవులలో బరంపురములోని మా యింటికి మనవారి అమ్మాయి ఒకతె వచ్చింది. డిగ్రీలో జంతుశాస్త్రము చదువుతున్నది. చేతిలో ఒక కాగితము. కోస్తారికా దేశములో, సముద్రపు ఒడ్డునున్న వర్షారణ్యములో, తాబేళ్లను కాపాడే పనికి స్వచ్ఛంద సేవకులు కావలెనని అందులో ఉన్నది. "తాతగారూ, మీరు సరేనంటేనే పంపుతానని నాన్నగారు అన్నారు" అన్నది. కాగితము తిరగేసి చూశాము. జీతము లేదు సరికదా, భోజనానికీ బసకూ ఎదురు మనమే కట్టాలి. "పనీ మనదే, డబ్బూ మనదేనా అమ్మా?" అని నవ్వి పంపివేశాము.

ఆ నవ్వు తొందరపాటని తరువాత తోచింది. ఇన్నేళ్లు బడిలో పాఠము చెప్పినవాళ్లము, అడగవచ్చిన పిల్లకు చదవకుండానే జవాబు చెప్పాము. ఆ పిమ్మట కూర్చుని చదివి తెలుసుకొన్న సంగతులే ఈ పాఠము.

కోస్తారికా మధ్య అమెరికాలోని చిన్న దేశము. దానికి తూర్పున కరీబియన్ సముద్రము, పడమట పసిఫిక్ మహాసముద్రము. తూర్పు తీరములో టోర్టుగేరో అనే గ్రామమున్నది. స్పానిష్ భాషలో 'టోర్టుగా' అంటే తాబేలే. ఆ ఊరికి రోడ్డు లేదు. పడవలోనైనా పోవాలి, చిన్న విమానములోనైనా దిగాలి. ముందు సముద్రము, వెనుక కాలువలు, వాటి వెనుక దట్టమైన అడవి. ఏడాదికి 5000 మిల్లీమీటర్లకు పైగా వర్షము కురుస్తుంది. అంటే మన గంజాం జిల్లా వానకు సుమారు నాలుగింతలు. అక్కడికి వెళ్లిన వారి బట్టలు ఆరవు, చెప్పులు బూజు పడతాయి. ఇంటివద్ద కాస్త చినుకు పడితే బడి మానే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి!

ఆ తీరానికి పచ్చ తాబేళ్లు గ్రుడ్లు పెట్టడానికి వస్తాయి. పేరు పచ్చ గాని పై డిప్ప పచ్చనిది కాదు, లోపలి కొవ్వు పచ్చనిది. ఆ కొవ్వుతో కాచే సూపు కోసమే ఒకప్పుడు వీటిని ఓడలకెత్తి అమ్ముకొన్నారు. ఈ జాతి నశించిపోతుందని గుర్తించి, 1955లో ఆర్చీ కార్ అనే అమెరికా జంతుశాస్త్రజ్ఞుడు టోర్టుగేరోలో తాబేళ్లకు లోహపు బిళ్లలు తగిలించే పని మొదలుపెట్టాడు. ఆయన పనికి ఆసరాగా 1959లో ఒక సంస్థ ఏర్పడింది. నేడు దాని పేరు సీ టర్టిల్ కన్సర్వెన్సీ. 1975లో ఆ అడవీ తీరమూ చట్టరీత్యా జాతీయ పార్కు అయినాయి. ఆర్చీ కార్ 1987లో చనిపోయినా లెక్క ఆగలేదు.

ఇక సేవకులు చేసే పనేమిటి? పత్రికలలో పడే బొమ్మలు చూసి, తాబేలు పిల్లను అరచేతిలో పెట్టుకొని నవ్వడమే పనియని మనము అనుకొంటాము. అసలు పని చీకటిలో నడక. నల్లని బట్టలు వేసుకొని, తెల్లని టార్చి లేకుండా, ఇసుకలో నాలుగైదు గంటలు నడవాలి. అవసరమైతే ఎర్ర దీపము మాత్రమే. తెల్లని వెలుగు కనబడితే, సముద్రము నుంచి పైకి వస్తున్న తల్లి తాబేలు గ్రుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. గనుక అది చోటు చూసుకొని, ముందు తన దేహము పట్టేంత గొయ్యి చేసి, ఆ మీదట వెనుక రెక్కలతో చెయ్యంత లోతు గుంట త్రవ్వేవరకు మనిషి దూరముగా కదలకుండా ఉండాలి. గ్రుడ్లు పడనారంభించిన తరువాత దానికి చుట్టూ ఏమి జరుగుతున్నదో అంతగా పట్టదు. అప్పుడు ఒకరు వెనుక ఇసుకలో పడుకొని, తొడుగు వేసిన చేతితో, పడే గ్రుడ్లను లెక్కిస్తారు. సాధారణముగా నూటికి కాస్త అటూ ఇటూ ఉంటాయి. పెట్టడము ముగిసిన పిమ్మట ముందు రెక్కలపై బిళ్ల ఉన్నదో లేదో చూచి, లేకుంటే తగిలించి, డిప్ప పొడవు కొలుస్తారు. రెండు నెలల తరువాత ఆ గుంటనే త్రవ్వి, ఎన్ని పిల్లలు బయటపడ్డాయో, ఎన్ని గ్రుడ్లు మురిగాయో పెంకులను బట్టి వ్రాసుకొంటారు. మురిగిన గ్రుడ్ల వాసన కూడా సేవలో భాగమే.

ఇంత లెక్క దేనికని మీరు అడుగవచ్చును. ఒక తల్లి ఒకే కాలములో సుమారు పన్నెండు రోజులకొకసారి చొప్పున పలుమార్లు గ్రుడ్లు పెడుతుంది. పెట్టి, రెండు నుంచి నాలుగేళ్ల వరకు మళ్లీ రాదు. గనుక ఒక యేటి లెక్క ఏమీ చెప్పదు. బడిలో హాజరు పట్టీ వంటిదే ఇది. ఒక్కరోజు చూసి ఫలానావాడు బడికి రావడములేదని చెప్పలేము. ఎడతెగక వ్రాసిన పట్టీ ఉండబట్టే, 1971 నుంచి 2003 వరకు టోర్టుగేరోలో గూళ్ల సంఖ్య అనేక రెట్లు పెరిగిందని తెలిసింది. ఈ మధ్య సంవత్సరాలలో మళ్లీ తగ్గుతున్నదనీ ఆ పట్టీయే చెప్పింది. రెండు వారాల సేవకుడు తాబేలును కాపాడడు. ఆ పట్టీలో తన రెండు వారాల గళ్లు ఖాళీ లేకుండా పూరిస్తాడు. అతడు కట్టే డబ్బు తిండికి, పడవకు, ఏడాది పొడవునా అక్కడ పనిచేసేవారి ఖర్చుకు పోతుంది. ఈ సంగతి తెలిసిన తరువాత మా నవ్వు మాకే సిగ్గనిపించింది.

అయితే తల్లిదండ్రులు తెలుసుకోవలసినది మరొకటి ఉన్నది. తాబేలు గ్రుడ్లు దొంగచాటుగా అమ్ముడుపోతాయి. 2013 మే నెలాఖరున, అదే తీరములో టోర్టుగేరోకు దక్షిణముగా ఉన్న మోయిన్ అనేచోట, కాపలా తిరుగుతున్న హైరో మోరా అనే 26 ఏళ్ల స్థానిక యువకుని దుండగులు చంపివేశారు. అతనితో ఉన్న నలుగురు స్త్రీలు, సేవకు వచ్చినవారే, బంధింపబడి ఎలాగో తప్పించుకొన్నారు. పార్కు హద్దులో, ఊరివారి అండతో జరిగే కాపలా వేరు, ఎవరి రక్షణా లేని ఒడ్డు వేరు. ఈ తేడా రంగుల కాగితములో ఉండదు. అడిగి తెలుసుకోవాలి.

ఊరివారి అండ అన్నాము. ఒకప్పుడు తాబేళ్లను పట్టి బ్రతికిన ఊరు టోర్టుగేరో. నేడు ఆ ఊరివారే లైసెన్సు పొందిన గైడ్లుగా రాత్రివేళ యాత్రికులను వెంటబెట్టుకొని పోయి, తాబేలును చూపించి సంపాదించుకొంటున్నారు. కాపాడినందువలన వారి కుండ నిండింది.

ఈ మాట వ్రాస్తుండగా మన ఒడిశాలోని తెలుగు జాలరులు మా మనస్సులో మెదిలారు. ఋషికుల్య నది ముఖములో ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొద్ది రాత్రులలోనే లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గట్టెక్కిన సంవత్సరాలు ఉన్నాయి. వాటికోసము నవంబరు 1 నుంచి మే 31 వరకు, ధామ్రా, దేవి, ఋషికుల్య ముఖముల యొద్ద తీరము నుంచి 20 కిలోమీటర్ల మేర వేట నిషేధము. ఏడు నెలలు! వల ఎండబెట్టుకొని కూర్చునే కుటుంబాలు మన పేటలలోనే ఉన్నవి. అయినా గ్రుడ్లు పగిలే రాత్రులలో, దీపాల వెలుగుకు దారితప్పి ఊళ్లవైపు పాకే పిల్లలను ఏరి సముద్రములో విడిచేది ఆ గ్రామాల కుర్రవాళ్లే. వారికి ఏ కాగితమూ రాదు, ఏ సర్టిఫికెట్టూ లేదు.

గనుక అమ్మాయిని మళ్లీ పిలిపించాము. ముగ్గురము కూర్చుని, ఆమె నాన్నగారే కలము పట్టుకొని, కాగితము పంపిన వారికి ప్రశ్నలు వ్రాశారు. మేము కట్టే సొమ్ములో ఆ ఊరివారికి ఎంత అందుతుంది? పిల్లలను చేతితో పట్టుకొని ఫొటోలు తీయించుకోనిస్తారా? రాత్రి కాపలాలో తోడు ఎవరు? వ్రాసిన లెక్క ఎక్కడ భద్రపరుస్తారు, ఎవరు చదువుతారు? ఫొటో సంగతికి "మీ ఇష్టము" అని జవాబు వస్తే ఆ చోటు వద్దని మేమే చెప్పాము. ముట్టుకోనిచ్చేచోట తాబేలుకంటె యాత్రికుడే ముఖ్యమన్నమాట.

రెండు ప్రశ్నలకు జవాబు వచ్చింది. డబ్బును గూర్చినదీ, తోడును గూర్చినదీ ఇంకా రాలేదు. అమ్మాయి పట్టు విడువలేదు, మళ్లీ వ్రాసింది. ఈలోగా రాబోయే ఫిబ్రవరిలో ఋషికుల్య దగ్గరి ఊరిలో మేనమామగారింట ఉండి, అక్కడి కుర్రవాళ్లతో రాత్రులు తిరుగుతానన్నది. ఎర్ర కాగితము చుట్టిన టార్చి ఒకటి మేమే కొనిచ్చాము.