కిటికీ పక్కనే మీ స్టూడియో

జూలియా మార్గరెట్ కామెరాన్ చేతికి తొలి కెమెరా వచ్చేసరికి ఆమెకు 48 ఏళ్లు. 1863 డిసెంబరులో కూతురూ అల్లుడూ ఇచ్చిన కానుక అది. కలకత్తాలో పుట్టి, ఇంగ్లండ్‌లోని వైట్ ద్వీపంలో స్థిరపడిన ఆ ఇల్లాలు బొగ్గుల కొట్టును డార్క్‌రూమ్‌గా మార్చుకున్నారు. కోళ్ల గూటికి అద్దాలు బిగించి స్టూడియో చేసుకున్నారు. నెల తిరిగేసరికి ఒక చిన్నపిల్ల ఫొటో తీసి, ఇదే నా మొదటి విజయమని దాని మీద రాసుకున్నారు. ఇంట్లో పనిచేసే అమ్మాయిలు, పొరుగునున్న కవి టెన్నిసన్, ఆ ద్వీపానికి వచ్చిన డార్విన్ ఆమె కెమెరా ముందు కూర్చున్నారు. ఫోకస్ సరిగ్గా లేదని అప్పటి ఫొటోగ్రఫీ పత్రికలు ఎత్తిపొడిచాయి. ఆమె ఆగలేదు. 1865లో ఓ లండన్ మ్యూజియం ఆమె చిత్రాలను కొనుక్కుంది.

మీకు కోళ్ల గూడు కూడా అక్కర్లేదు, కిటికీ ఉంది. సాఫ్ట్‌బాక్స్ కొన్నాక, మంచి లెన్స్ వచ్చాక, పై గది ఖాళీ అయ్యాక మొదలుపెడదామనుకుంటున్నారా? ఈ ఆదివారమే మొదలుపెట్టండి. వెలుతురు సంగతి కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. ఎదుటి మనిషిని కుదురుగా, నిశ్చింతగా కూర్చోబెట్టడం నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది. అందుకే దాన్ని ఆలస్యం చేయకూడదు.

ముందు గదిలో ట్యూబ్‌లైట్లు, బల్బులు అన్నీ ఆపేయండి. పగటి వెలుగులో ట్యూబ్‌లైటు కలిస్తే ముఖం ఒకవైపు ఒక రంగు, మరోవైపు ఇంకో రంగు తేలుతుంది. నేరుగా ఎండ పడని కిటికీ చూసుకోండి. ఉత్తరపు కిటికీ మంచిదని పుస్తకాలు చెబుతాయి. మన దగ్గర ఆ మాట ఏడాదంతా నిలవదు. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి, ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీలోంచి కూడా ఎండ వస్తుంది. అప్పుడు కిటికీకి అడ్డంగా తెల్ల పంచె కట్టండి. ఎండ మెత్తని వెలుగవుతుంది.

మనిషిని కిటికీకి మూడడుగుల దూరంలో, వెనక గోడకు నాలుగైదు అడుగుల ముందు కూర్చోబెట్టండి. గోడకు ఆనుకుంటే నీడ గోడ మీద పడి, పాస్‌పోర్టు ఫొటోలా ఉంటుంది. ఇప్పుడు కెమెరా పక్కన పెట్టి చూడండి. వాళ్లను మెల్లగా కిటికీ వైపు నుంచి గది లోపలి వైపుకు తిరగమనండి. వెలుగు ఒక చెంప మీది నుంచి జారుతూ ఉంటుంది. నీడ వైపు కంటి కింద చిన్న వెలుగు త్రికోణం మిగిలే చోట ఆపండి. రెంబ్రాంట్ లైటింగ్ అని ఫొటోగ్రాఫర్లు చెప్పుకునేది దాన్నే. నీడ మరీ చిక్కగా ఉంటే అటువైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి. ఇంకా చిక్కబడాలంటే నల్ల దుప్పటి వేలాడదీయండి. కంట్లో కిటికీ మెరుపు కనబడుతోందా? లేకపోతే గడ్డం కాస్త ఎత్తమనండి. ఈ అభ్యాసం రోజూ చేయొచ్చు, ఫొటో తీయకపోయినా పర్వాలేదు.

ఫోన్ అయితే దగ్గరికి పోకండి, ముక్కు పెద్దదైపోతుంది. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టండి. కెమెరా ఉంటే 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్ చాలు. షట్టర్ వేగం 1/125 కన్నా తగ్గనివ్వకండి. ఫోకస్ మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉండాలి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. బ్యూటీ ఫిల్టర్ తీసేయండి. నల్లగా పడతానేమోనన్న భయాన్ని మన ఇళ్లలో ఆడపిల్లలకు చిన్నప్పుడే నేర్పేస్తాం. మీ కెమెరా ఆ భయాన్ని పెంచకూడదు. ఫ్రేములో ఉన్నదంతా సగటు వెలుగుకు తెచ్చేలా కెమెరా లెక్క వేస్తుంది. వెనక సున్నం గోడ ఉంటే ఆ తెలుపుకు మోసపోయి ముఖాన్ని మసకబారుస్తుంది. ముదురు పరదా ఉంటే ముఖాన్ని పాలిపోయేలా చేస్తుంది. అందుకే ఫోన్ తెర మీద ముఖం కనిపించే చోటే వేలితో తాకి, అక్కడి వెలుగును సరిచేసుకోండి. వెనక మెరిసే శాటిన్ వద్దు. బూడిద రంగు, మెరూన్ లేదా ముదురాకుపచ్చ నూలు దుప్పటి కట్టండి. చామనచాయ ముఖం ఆ రంగుల ముందు ఎంత నిండుగా ఉంటుందో చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక మనిషి దగ్గరికి వద్దాం. ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. కెమెరా ముందుకు వచ్చేవారి సంకోచం తొలగిస్తే తప్ప ఫొటో రాదని ఆయనకు తెలుసు. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. వచ్చినవాళ్లకు ముందు మంచినీళ్లివ్వండి. ఎంతసేపు పడుతుందో చెప్పండి. జుట్టు, పైట మీ చేత్తో సర్దకండి. "అత్తా, పైట ఇటు కొంచెం లాక్కుంటావా" అని అడగండి. చేతులు ఏం చేయాలో తెలియక చాలామంది బిగుసుకుపోతారు. పూలు కట్టే ఆవిడైతే పూలే ఇవ్వండి, తాతయ్య అయితే కళ్లద్దాలు తుడుచుకోనివ్వండి.

"నవ్వండి" అనకండి. ఆ మాటతో ముఖంలో నిజం పోతుంది. మొదటి జీతంతో ఏం కొన్నారని అడగండి. జవాబు మధ్యలో నొక్కకండి. చెప్పడం అయిపోయాక రెండు మూడు క్షణాలు ఆ జ్ఞాపకంలోనే ఉంటారు. అప్పుడు తీయండి. ఈ ఓపిక మీ ఉద్యోగంలో, ఇంట్లో కూడా అక్కరకొస్తుంది. ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేదాకా ఆగగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారు? పిల్లల్ని తీసేటప్పుడు నేలమీద కూర్చోండి, కెమెరా వాళ్ల కంటి ఎత్తులో ఉండాలి. ఎవరైనా "ఇది వద్దు" అంటే వాళ్ల ముందే చెరిపేయండి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ముందు అడగండి.

ఎవరిని తీయాలి? ఇంట్లో పెద్దవాళ్లను ముందు. ఎన్నో ఇళ్లలో నానమ్మ పోయాక ఆమె ఫొటో కోసం పెళ్లి ఆల్బమ్ తిరగేసి, గుంపులోంచి ముఖం కత్తిరించి, పెద్దది చేయించి దండ వేస్తారు. లేదంటే ఆధార్ కార్డు ఫొటోనే దిక్కు. ఒక మనిషి బతికుండగా ఆమె కోసం ఒక్క గంట కేటాయించి, ఆమెనే చూస్తూ తీసిన ఫొటో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ లోటు మీరు తీర్చగలరు. తర్వాత వాచ్‌మన్ దంపతులను, ఇంట్లో పనిచేసే అమ్మను పిలవండి. మేరీ హిల్లియర్ అనే పనమ్మాయిని కామెరాన్ మేరీమాతగా కూర్చోబెట్టారు.

తీసినవాటిలో ఒక్కటి ఎంచి ప్రింటు వేయించండి. వెనక పెన్సిలుతో పేరు, తేదీ, ఊరు రాయండి. దాన్ని తీసుకెళ్లి వాళ్ల చేతికే ఇచ్చి, వచ్చే ఆదివారం ఎవరిని పిలవమంటారో వాళ్లనే అడగండి.