గర్భసంచిలో గడ్డలు – కారణాలు

మహిళా పాల సంఘాల తనిఖీలో సభ్యురాండ్రు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది: "పాలక్యాన్లు మోస్తే గర్భసంచిలో గడ్డలు వస్తాయా?"

రావు. ఇవి గర్భసంచి కండరంలో పెరిగేవి. దాదాపు అన్నీ క్యాన్సరు కానివే. అసలు కారణం పూర్తిగా తేలలేదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు వీటిని పెంచుతాయి. అందుకే ముట్లుడిగాక సాధారణంగా కుంచించుకుపోతాయి. 30–50 ఏండ్ల వయసు, తల్లికో అక్కచెల్లెళ్ళకో ఉండుట, స్థూలకాయం, చిన్న వయసులోనే రజస్వల కావడం, కాన్పు లేకపోవడం – వీటివలన అవకాశం హెచ్చు.

నెలసరిలో రక్తం అధికంగా పోతే "వేడి చేసింది" అని ఊరుకోరాదు, రక్తహీనత కలుగుతుంది. డాక్టరుకు చూపించి స్కానింగు చేయించుకోవాలి. బాధించని గడ్డకు తరచు చికిత్సే అక్కరలేదు. గడ్డ అనగానే గర్భసంచి తీయించుకొనుటకు తొందరపడవద్దు.

గేదె మేత ముట్టకుంటే ఆ పూటే డాక్టరుకు కబురంపుతాము. ఇల్లాలి విషయంలో నెలలు గడపవచ్చునా?